పూయని తీగకు పువ్వు

ఉడుముమొహాల భటులు వకుళను వెదురుబుట్టలో కుదేసి, దాని మూతను తాడుతో కట్టేసి, ఏడుమడతల లోయ మీదికి వేలాడదీసేసరికి బారెడు పొద్దెక్కింది. కింద ముప్పై తాటిచెట్ల లోతు. పైన నాలుగు బారల తాడు. తాడు చివర కొండరాతిలో దిగగొట్టిన ఇనుపమేకు, మేకు పక్కన ఇద్దరు భటులు. వాళ్లకు మనుషుల ఒళ్లు, ఉడుముల తలలు. మాట్లాడరు, నవ్వరు. ఉండుండి నాలుక బయటపెట్టి గాలిని రుచి చూస్తారు, అంతే.

అలాంటి బుట్టలో పడ్డవాళ్లెవరైనా ముందు చేసే పనే వకుళా చేసింది. గొంతు బొంగురుపోయేదాకా కేకలు పెట్టింది. కొండలు ఆ కేకలను ఒకదానికొకటి అందించుకుని చివరికి ఆమెకే తిరిగిచ్చేశాయి. ఇక అరిచి లాభం లేదని తెలిశాక, చిన్నప్పటినుంచీ వదలని అలవాటు ఒకటుంది కనుక, బుట్ట సందుల్లోంచి ఎదుటి కొండరాతిని పరకాయించి చూడటం మొదలుపెట్టింది.

ఆమె చూస్తూ ఉంటుంది. ఈలోగా ఆమె అక్కడికి ఎలా వచ్చిందో చెప్పుకుందాం.

నీలకేదార రాజ్యంలో ఓషధిమాల అని ఒక గ్రంథం ఉంది. మూలికకు ఒక పుట. పుట నిండా వేరు మొదలు పువ్వు దాకా బొమ్మ. బొమ్మ కింద ఆస్థాన వైద్యులు శతభిషాచార్యులవారి ముద్ర. ఆ ముద్ర పడిందంటే అది శాస్త్రం, దానిమీద మరో మాట లేదు. అయితే ఆ బొమ్మలు వేసేది ఆచార్యులవారు కాదు. గ్రంథశాలలో నేలకు జానెడు ఎత్తులో ఆగిపోయే పట్టుతెర ఒకటి వేలాడుతుంటుంది. తెరకు అవతల ఏడుగురు ఆడవాళ్లు రంగులు నూరి, బొమ్మలు వేసి, తెర కిందనుంచి పుటలు ఇవతలికి తోస్తారు. వాళ్లకు తెరచాటువాళ్లని పేరు. అసలు వాళ్ల మాట ఎత్తేవాళ్లుంటే కదా ఆ పేరుతో పని. కొలువులో సగంమందికి వాళ్లున్నట్టే తెలియదు, తెలిసిన సగంమందికి గుర్తుండదు.

ఆ ఏడుగురిలో వకుళది వేరే దారి. మిగతావాళ్లు ముందు పెట్టిన కొమ్మను చూసి బొమ్మ వేసి చేతులు దులుపుకునేవాళ్లు. వకుళ మొక్కను కుండీలో పెట్టుకుని, దాని మీద వాలిన పురుగును కూడా సాకేది. గుడ్డు, గొంగళి, గూడు, అందులోంచి వచ్చిన సీతాకోకచిలుక, అది కొరికిన ఆకు, ఆకులో అది వదిలేసిన ఈనె, అన్నీ ఒకే పుటలో ఎక్కించేది. మందుల పుస్తకంలో ఈ పురుగుల సంత ఏమిటమ్మా అని ఆచార్యులవారు తెర ఇవతలినుంచి విసుక్కునేవారు. విసుక్కుంటూనే ముద్ర వేసేవారు. కంటితో చూడనిది గీయనని వకుళకు పట్టుదల. పదకొండేళ్లలో ఆ పట్టు ఒక్కసారే సడలింది.

ఎనిమిదేళ్ల కిందట కొండవాళ్లు మౌనవల్లి అనే తీగ తెచ్చిచ్చారు. ఏడాదిపాటు చూసినా అది పూయలేదు. రాజుగారి షష్టిపూర్తికి గ్రంథం సమర్పించాలి, ఖాళీ ఉన్న పుటకు ముద్ర వేయకూడదని గ్రంథశాల కట్టుబాటు. ఆచార్యులవారు పుటను తెర కిందనుంచి వెనక్కి తోసి, పువ్వు చోటు నింపమన్నారు. వకుళ నింపింది. గిన్నెలో ఆ రోజు హరిదళం మిగిలి ఉంది కనుక పువ్వు పసుపుపచ్చనిది అయింది. ఐదు రేకులు వేసింది. ఐదోదాని మీద ఉండగా తుమ్ము వచ్చి కుంచె జారి, రేకు కొస ఎడమకు వంకర తిరిగింది. లేని పువ్వుకు వంకరైతేనేం, తిన్ననైతేనేం అనుకుని పుట తోసేసింది.

ఆ తర్వాత ఆ తీగను అటక మీద కుండీలో ఏడేళ్లు పెంచింది. అది ఒక్కసారీ పూయలేదు. ఆకు కొస నేలకు తగిలిన చోట కొత్త తీగ పుట్టేది, దాని వంశం అలాగే సాగేది. ఈ సంగతి ఆచార్యులవారికి విన్నవించింది. అప్పటికి ఆయన ఆ పువ్వు గురించి ఎందరో శిష్యులకు పాఠం చెప్పి ఉన్నారు. చెప్పగా చెప్పగా, కుర్రతనంలో కొండల్లో ఆ పువ్వును తాను కళ్లారా చూశానని నిజంగానే నమ్మడం మొదలుపెట్టారు. నీ కుండీలో మట్టి మంచిది కాదమ్మా అని జాలిపడ్డారు. వకుళ ఊరుకుంది. ఆకు నిజమే కదా, పువ్వొకటి అబద్ధమైతే ఎవరి కొంప మునిగింది అనుకుంది. పోయిన వేసవిలో ఆమె జ్వరంతో మంచం పట్టిన పదిరోజుల్లో ఆ కుండీ కూడా ఎండిపోయింది.

ఇక అసలు కష్టం. మాంత్రికుడు జటాలుడు సరిహద్దు ఊరు గంధవరం మీద ఆకుపచ్చ పొగ వదిలాడు. మూడువందలమంది ఎక్కడివాళ్లక్కడ కొయ్యబారిపోయారు. ఊపిరి మాత్రం సన్నగా ఆడుతోంది. ఆ మూడువందల మందిలో వకుళ చెల్లెలు కేతకి ఒకతె. తలంటుకుని పెరట్లో జుట్టు ఆరబెట్టుకుంటున్న పిల్ల, చెయ్యి జుట్టులో ఉండగానే కొయ్యయిపోయింది. నలభై రోజుల్లోగా మౌనవల్లి రసం నాలుక మీద పడితే లేస్తారు. పడకపోతే ఆ ఊపిరీ ఆగిపోతుంది. ముప్పై ఏడు రోజులు గడిచేసరికి మౌనవల్లి ఏడుమడతల లోయలో ఉందని ఆచూకీ దొరికింది. యువరాజు అరిందముడు, శతభిషాచార్యులు, పన్నెండుమంది రౌతులు ఓషధిమాల పుట చేతపట్టుకుని బయలుదేరారు.

వకుళ మంత్రిగారి దగ్గరికి పరుగెత్తి, ఆ పువ్వు నేను కల్పించింది, దాన్ని నమ్ముకోవద్దని చెప్పింది. ఏ పువ్వు, నువ్వెవరు, తెరచాటువాళ్లంటే ఏమిటి అని మంత్రిగారు వరసగా మూడు ప్రశ్నలు వేసి, జవాబు వినకుండానే లేచి వెళ్లిపోయారు. ఇక ఆమె జుట్టు కత్తిరించుకుని, తలపాగా చుట్టుకుని, భుజాన ఉచ్చులు తగిలించుకుని, పిట్టలు పట్టేవాడి వేషంలో వాళ్ల వెనకే పడింది. వేషం బాగానే కుదిరింది. దారిలో మూడు ఊళ్లవాళ్లు కౌజులున్నాయా అని అడిగారు కూడా. కానీ లోయ ముఖంలో కాపున్న ఉడుముమొహాలవాళ్లకు వేషంతో పనిలేదు. వాళ్లు మనిషిని వాసనతో పోలుస్తారు, ఆమె వేళ్లకేమో ఓషధిమాల రంగుల వాసన పట్టి ఉంది.

అదీ ఆమె బుట్టలోకి వచ్చిన వైనం.

ఆ లోయ అందం చూసి తీరవలసిందే. బుట్టలో వేలాడుతూ కాకుండా చూస్తే మరీ మంచిది. ఏడు కొండవరసలు ఒకదాని వెనక ఒకటి ఉతికి మడతపెట్టిన చీరల్లా ఉన్నాయి. మొదటి మడత నల్లరాయి, రెండోది ఎర్రమన్ను, మూడోదాని నిండా వెండిరంగు వెదుళ్లు. నాలుగో మడతనుంచి నీళ్లు సన్నటి ధారగా దూకి, నేలకు చేరకుండానే ఆవిరై గాలిలో కలిసిపోతున్నాయి. మిగతా మూడూ మబ్బులో ఉన్నాయి. ఎక్కడెక్కడో నెమళ్లు అరుస్తున్నాయి. రాతి నెర్రెల్లో కుంకుమరంగు నాచు, నాచు మీద పచ్చల్లాంటి జీరంగిపురుగులు.

ఆ నాచు పక్కనే, బుట్టకు రెండు మూరల దూరంలో, ఒక తీగ రాతిని కరుచుకుని ఉంది. ఆకు అంచుకు తొమ్మిది గంట్లు. ఈనెలు వెండితీగల్లా ఉన్నాయి. ఆకు కొస వంగి రాతిని తాకిన చోట లేతతీగ పుడుతోంది. దాని మీద నల్లచుక్కల గొంగళిపురుగులు నాలుగు నిదానంగా మేస్తున్నాయి. అది మౌనవల్లి. కొండ పొడుగునా, అడుగునుంచి అంచుదాకా, పువ్వన్నది లేకుండా పచ్చగా అల్లుకుని ఉంది. మూడువందలమందికి కాదు, మూడువేల మందికి చాలుతుంది.

ఆ సంతోషం మూడు నిమిషాలు కూడా నిలవలేదు. గాలికి కింద మంచు విడిపోయి లోయ అడుగు కనబడింది. అక్కడంతా పసుపుపచ్చ.

అంతలో నెత్తిమీద రెక్కల చప్పుడైంది. నాలుగు గద్దలు మోసే పల్లకిలో జటాలుడు దిగివచ్చి, దాన్ని బుట్టకు ఎదురుగా గాలిలో నిలబెట్టించాడు. మనిషి బక్కపలచన, మర్యాదస్తుడిలా ఉంటాడు. జడలు మాత్రం పల్లకి అంచు దాటి వేలాడుతూ, వాటంతట అవే మెల్లగా కదులుతున్నాయి. చేతిలోని పువ్వును బుట్ట సందులోంచి ఆమెకు అందించాడు. పసుపుపచ్చ పువ్వు. ఐదు రేకులు. ఐదోదాని కొస ఎడమకు వంకర.

వకుళ వేలు ఆ వంకర మీదే ఆగింది.

"పోల్చుకున్నావన్నమాట" అన్నాడు జటాలుడు. "ఈ పువ్వు కోసం నేను మూడేళ్లు ఈ కొండలన్నీ గాలించాను పిల్లా. దొరక్క ఎంత మండిపోయానో. చివరికి అర్థమయింది, దీన్ని ఎవరో కల్పించారని. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు."

ఆ తర్వాత అతను చెప్పుకున్నదంతా తన గొప్పే. మౌనవల్లికి అచ్చు కవలలాంటి తీగ ఒకటుంది. పేరు మారుతీగ, ఆకు చూస్తే తేడా తెలియదు. దాని రసం మింగినవాడు ఎవడైనా సరే కాళ్లనుంచి కొయ్యబారి, కొయ్య గుండెదాకా వచ్చేసరికి ఊపిరి వదిలేస్తాడు. దానికి విరుగుడు లేదు. జటాలుడు గ్రంథపు నకలు ఒకటి తెప్పించుకుని, మారుతీగ మీద మూడు వర్షాకాలాలు మంత్రం వేసి, పుటలో ఉన్న పువ్వును ఉన్నట్టుగా పూయించాడు. వంకర సహా. యువరాజు బలగాన్ని ఆపకుండా లోపలికి వదిలెయ్యమని భటులకు చెప్పింది కూడా అందుకే.

"పొగ వదలడం నాకు చేతనవును. కానీ వాళ్ల పుస్తకం చూసుకుని, వాళ్ల చేతులతో, వాళ్ల పిల్లలకే విషం పోసేట్టు చేయడం నా తరం కాదు. అది నీవల్లే అయింది" అని మెచ్చుకోలుగా తలాడించాడు. ఈ ప్రపంచంలో లేని మొక్కలు ఇంకా గీయమన్నాడు, గీసినవాటికల్లా తాను ప్రాణం పోస్తానన్నాడు. తెర వెనక కుక్కుకుని కూర్చోనక్కర్లేదట, ప్రతి పుటమీదా ఆమె పేరే వేయిస్తాడట. సాయంత్రందాకా ఆలోచించుకోమని గద్దలను అదిలించి వెళ్లిపోయాడు.

వకుళ ఏడ్చింది. ఆ మెచ్చుకోలు ఆమెకు తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది, ఎందుకంటే అందులో అబద్ధం లేదు.

ఏడుస్తూనే కిందికి చూసింది. చీమల్లా రౌతులు లోయలో దిగుతున్నారు. తెల్లగుర్రం మీద ఉన్నది యువరాజు. కాషాయరంగు గొడుగు కింద ఉన్నది ఆచార్యులవారు. వాళ్లు పుట విప్పి చూసుకున్నారు, పువ్వు చూసుకున్నారు, గంపలు దించారు. కొండ అడుగున అల్లుకున్న పువ్వులేని తీగలు దారికి అడ్డమయ్యాయి కాబోలు, కత్తులతో నరికి కుప్పలు వేసి నిప్పు పెట్టారు. మౌనవల్లి కాలిన పొగ తియ్యటి వాసన వేస్తూ ఆమె దాకా వచ్చింది. వకుళ మళ్లీ అరిచింది. తలపాగా విప్పి ఊపింది. కిందివాళ్లలో ఒక రౌతు తలెత్తి చూసి, గద్ద గూడు అనుకున్నాడేమో, మళ్లీ పనిలో పడ్డాడు. చేతికందే దూరంలో మందు ఉంది, కంటికందే దూరంలో మనుషులున్నారు, మధ్యలో తను ఉట్టిలో కుండలా వేలాడుతోంది. ఇంత చేతకానితనం ఆమె ఎన్నడూ ఎరగదు.

మధ్యాహ్నం కావస్తుండగా ఐదో మడత మీదినుంచి మబ్బు దిగడం మొదలైంది. ఆ లోయలో రోజూ ఆ వేళకు మబ్బు దిగుతుంది. ఎండ పోయి, గాలి చల్లబడి, రాళ్ల మీద తేమ పట్టింది. వకుళ తలెత్తి భటులను చూసింది. ఒకడి నాలుక బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోలేదు. రెండోవాడి కనురెప్ప సగంలో ఆగింది.

ఉడుమును మూడు చలికాలాలు గూట్లో పెట్టి చూసిన మనిషికి ఆ ఆగడం ఏమిటో వేరే చెప్పాలా. ఎండ తగిలితే తప్ప వాటి ఒంట్లో నెత్తురు కదలదు. తల ఉడుముదైనప్పుడు కింద ఒళ్లు ఎవరిదైతేనేం.

ఆమె దగ్గర ఉచ్చులు లాక్కున్నారు, కత్తి లాక్కున్నారు. రంగులు గీకే ఆల్చిప్ప మాత్రం నడికట్టులోనే ఉంది. దానితో బుట్ట మూతకు కట్టిన తాడు కోసింది. బుట్ట అంచు మీద నిలబడి తాడు పట్టుకుంది. బుట్ట గిర్రున తిరిగి ఆమెను రాతికేసి కొట్టింది. మోకాలు చిట్లింది. రెండో బారకు అరచేతుల తోలు లేచిపోయింది. మూడో బార దగ్గర మౌనవల్లి ముఖానికి తగిలితే, ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో దొరికినంత పీకి, తలపాగా గుడ్డలో మూటగా కుక్కి పళ్ల మధ్య కరుచుకుంది. అంచు మీదికి పాకేసరికి ఇద్దరు భటుల కాళ్ల మధ్యనుంచే పోవలసి వచ్చింది. పోయింది. ఒకడి పిక్క ఆమె భుజానికి రాసుకుంది. ఆమె వెనక్కి చూడలేదు.

ఇక దిగడం. అది దిగడమా, పడటమా అంటే సగం సగం. ఎలుగుబంట్లు నడిచే కాలిబాట పట్టుకుని జారుతూ, వెండివెదుళ్ల మీద వేలాడుతూ, ఎర్రమన్ను చరియ మొత్తం కూర్చునే దొర్లింది. నాలుగో మడత ధార తుంపరకు రాయి పాకుడు పట్టి ఉంటే బోర్లాపడి, మూట తడవకుండా ఎత్తిపట్టుకుని లేచింది. మబ్బు విచ్చుకుని ఎండ పడగానే పైన భటులు కదిలారు, గద్దలు కూశాయి. ఒక గద్ద వచ్చి ఆమె వీపు మీద గోళ్లు దించింది. వకుళ దాని కాలు పట్టుకుని వెదురుపొద మీదికి విసిరి, చివరి వాలు ఒక్క ఉరుకులో దిగి, యువరాజు గుడారం ముందు మోకాళ్ల మీద పడింది. రౌతులు ఇద్దరు వచ్చి చేతులు విరిచి పట్టుకున్నారు.

గంపలు నిండి వరసగా ఉన్నాయి. ప్రతి గంపలోనూ పసుపుపచ్చ పువ్వులు, ప్రతి పువ్వుకూ ఐదో రేకు వంకర.

"ప్రభూ, ఇది మందు కాదు, విషం" అంది వకుళ. "ఆ పుటలో బొమ్మ నేను వేశాను. పువ్వు చూడకుండా వేశాను."

ఆచార్యులవారు గొడుగు కింద పీట మీద కూర్చుని ఆకులు ఏరుతున్నారు. డెబ్బై దాటిన మనిషి, చెవుల మీద తెల్లవెంట్రుకలు. ఆ గొంతు వినగానే చేతిలో ఆకు జారవిడిచారు. పదకొండేళ్లుగా తెర అవతలినుంచి వింటున్న గొంతు అది. మొహం మాత్రం చూడటం ఇదే మొదలు.

"వకుళవా" అన్నారు. "ఇంత చిన్నదానివా అమ్మా నువ్వు? నేను నా ఈడుదానివనుకున్నాను."

యువరాజు అరిందముడు మంచివాడే, తొందరపాటు మనిషి కూడా కాదు. రౌతులను పట్టు సడలించమని చెప్పి, ఆమె మాట పూర్తిగా విన్నాడు. తుమ్ము సంగతి, హరిదళం సంగతి, ఏడేళ్ల కుండీ సంగతి, జటాలుడి మూడు వర్షాకాలాల మంత్రం సంగతి. అంతా విని, పుట ఒక చేత్తో, పువ్వు ఒక చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"బొమ్మలో వంకర ఉంది. పువ్వులో వంకర ఉంది. బొమ్మ సరైనదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?"

వకుళ తప్పుకు తిరుగులేని రుజువు ఏది ఉందో, వాళ్లకు అదే బొమ్మ నిజమనడానికి రుజువయింది. మూట విప్పి, పూయని తీగ ముందు పెట్టి, ఇది అసలుదని బతిమాలింది. రెండు ఆకులకూ తేడా ఏమిటని యువరాజు అడిగాడు. తేడా లేదని నిజమే చెప్పింది. పోనీ దానికి ముద్ర ఉందా అని ఒక రౌతు అడిగాడు.

ఆచార్యులవారు పీట మీదినుంచి లేచారు. ఆయన ముఖంలో కోపం లేదు. తనకన్నా చిన్నవాళ్లు జడుసుకుంటే సముదాయించే పెద్దవాడి ముఖం అది.

"పిల్ల నిద్రాహారాలు లేక బెదిరిపోయింది ప్రభూ. ఈ పువ్వును నేను కుర్రతనంలో చూశాను. ఈ వంకరతో సహా నాకు గుర్తే. మందు ముందు వైద్యుడి నాలుక మీద పడాలని మా ఇంటి ఆచారం. పొద్దున తొందరలో మరిచాను, ఇప్పుడు తీరుస్తాను. ఆమె మనసూ కుదుటపడుతుంది."

వద్దని వకుళ ముందుకు దూకింది. పట్టు సడలించిన రౌతులే మళ్లీ పట్టుకున్నారు. ఆయన నాలుగు ఆకులు, ఒక పువ్వు అరచేతిలో నలిపి, రసం పిండుకుని, కళ్లు మూసుకుని మింగారు. పెదవులు తుడుచుకుని ఆమెవైపు చూసి నవ్వారు. కొంచెం చేదు అన్నారు. అయినా బాగానే ఉందన్నారు.

కాసేపు ఏమీ కాలేదు. గుర్రాలు తోకలు ఆడిస్తున్నాయి. యువరాజు నిట్టూర్చి, గంపలు ఎత్తమని చెప్పబోతుండగా ఆచార్యులవారు పీట మీద కూర్చోబోయి, మోకాళ్లు వంగక అలాగే నిలబడిపోయారు. ఒక రౌతు ఆయన పాదం మీద చెయ్యి వేసి చూశాడు. తలుపు తట్టినట్టు టకటకలాడింది.

రౌతులు వకుళ చేతులు వదిలేశారు. ఆమె మౌనవల్లి పిండి ఆయన నోటిదగ్గర పెట్టింది. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నారు.

"మారుతీగే అయితే దీనికి విరుగుడు లేదమ్మా. ఈ తీగ మూడువందలమందికి చాలాలి, నామీద వృథా చెయ్యకు. రాసుకో."

ఆ మాట ఆయన తెర ఇవతలినుంచి కొన్ని వేలసార్లు అని ఉంటారు. వకుళ చెయ్యి దానంతటదే కదిలింది. యువరాజు చేతిలోని పుటను తీసుకుని, వెనక్కి తిప్పి, ఆరిపోతున్న మంటలోంచి బొగ్గుముక్క ఏరుకుని, నేల మీద చతికిలబడింది. ఆయన ఎప్పటిలాగే నిదానంగా చెప్పారు. పాదాలు మొదలు. నొప్పి లేదు. చలి ఉంది, నదిలో దిగుతున్నట్టు ఒక్కో జానా పైకి వస్తోంది. తొడలు దాటింది. నడుము దాటింది. ఆమె రాసింది. కన్నీళ్లు పడి బొగ్గు చెదిరిన చోట మళ్లీ రాసింది. ఆపై పూయని తీగను గీసింది. ఆకు అంచుకు తొమ్మిది గంట్లు, కొసన లేతతీగ, కొరుక్కుతినే గొంగళి.

"పువ్వు చోట ఏం వెయ్యమంటారు" అని అడిగింది.

"ఏమీ వెయ్యకు. ఖాళీగా ఉంచు."

ఆ ఖాళీ ఉన్న పుటకు ముద్ర వేయాలని ఆయన చెయ్యి చాచబోయారు. చెయ్యి లేవలేదు. ముద్రటుంగరం తీయాలని యువరాజు ప్రయత్నించాడు. వేలు అప్పటికే కొయ్యయి, ఉంగరం అందులో దిగబడిపోయి ఉంది. గుంజితే వేలు విరిగేట్టుంది. ముద్ర లేకుండానే సరిపెట్టుకోండి ప్రభూ, ఆ పిల్ల చూసి వేసింది అన్నారు ఆచార్యులవారు. ఆ తర్వాత ఆయన కళ్లు వకుళవైపు తిరిగాయి. వాటిలో భయం ఆమెకు అప్పుడే మొదటిసారి కనబడింది.

"ఒక తప్పు చేశానమ్మా. మంచిదనుకుని చేశాను. లోయ ముఖంలో దొరికిన తీగతోనే మొదటి గంప నింపి తెల్లవారుతూనే పంపించేశాను, మా గుర్రాలన్నిట్లోకీ వడిగలదాని మీద. పదకొండేళ్లు నా దగ్గర పనిచేశావు, ఒక్కనాడూ ఏమీ అడగలేదు. అందుకని మొదటి మోతాదు..."

ఊపిరి అందలేదు. పెదవులు మాత్రం కదిలాయి. వకుళ ఆయన నోటికి చెవి ఆనించింది.

"మొదటి మోతాదు కేతకికి పొయ్యమని రాసి, ముద్ర వేసి పంపాను."

అంతే. పెదవులు ఆ మాట మీదే బిగుసుకున్నాయి. యువరాజు ఆయన ముక్కుదగ్గర వేలు పెట్టి చూసి, తలపాగా తీసేశాడు. గంధవరం ఒక పగటి ప్రయాణమని, ఆ రౌతును నీళ్లకు కూడా ఆగవద్దని ఆజ్ఞాపించింది తానేనని, తలవంచుకుని చెప్పాడు. వకుళ విన్నదో లేదో తెలియదు. తీగ మూట వీపుకు కట్టుకుని, పుట రొమ్ములో దోపుకుని, అతను అందించకముందే తెల్లగుర్రం కళ్లెం లాక్కుని ఎక్కింది. పైన గద్దలు గుంపు కడుతున్నాయి. ఉడుముమొహాలవాళ్లు కొండ దిగుతున్నారు. యువరాజు కత్తి దూసి, లోయ ముఖం దాటేదాకా ఆమెకు అడ్డం నిలవమని రౌతులను కేకేశాడు.

ఆమె ఆ ముఖం దాటింది. ఎండ పడమటికి వాలుతోంది. గంధవరం దారి కనుచూపుమేర తిన్నగా, ఖాళీగా పడి ఉంది. తెల్లవారుతూనే పోయిన గుర్రం రేపిన దుమ్ము ఎప్పుడో అణిగిపోయింది.